హెక్టారు అడవి ఖరీదు

గనికో, జలాశయానికో, రహదారికో అటవీ భూమి కావలసి వస్తే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి ఉండాలి. అనుమతి ఫైలుతో పాటే ఒక బిల్లు కూడా తయారవుతుంది. వేరేచోట మొక్కలు పెంచడానికయ్యే ఖర్చు అందులో ఒక పద్దు. దానికి పైన 'నికర ప్రస్తుత విలువ' అనే ఇంకో పద్దు ఉంటుంది. ఆ అడవి నిలిచి ఉంటే రాబోయే ఏళ్లలో సమాజానికి అందించేదంతా ఈరోజు రూపాయల్లో ఎంత అన్నదానికి ప్రభుత్వం కట్టిన లెక్క అది. 2008లో సుప్రీంకోర్టు ఆమోదించిన పట్టిక ప్రకారం ఆ మొత్తం హెక్టారుకు 4.38 లక్షల రూపాయల నుంచి 10.43 లక్షల దాకా ఉంది. 2022 జనవరిలో కేంద్రం ఈ రేట్లను 1.53 రెట్లకు పెంచింది. ప్రకృతికి డబ్బులో వెల కట్టవచ్చా అన్న వాదన సిద్ధాంతాల మీద నడిచినంతకాలం ఎంతకీ తెగదు. ఈ ఒక్క పద్దు ఎలా పుట్టింది, ఏం కలిపి లెక్కించారు, వసూలైన సొమ్ము ఎటు పోయింది అని వెంట నడిస్తే మాత్రం చాలా సంగతులు తేటపడతాయి.

1980 నాటి అటవీ సంరక్షణ చట్టంలో అనుమతి గురించి ఉంది గానీ ధర గురించి లేదు. ధర న్యాయస్థానం నుంచి వచ్చింది. కేరళలోని నీలంబూరు రాజకుటుంబీకుడు టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ నీలగిరుల్లోని గూడలూరు అడవుల నరికివేత మీద 1995లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 12న కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటికీ వర్తించింది. రికార్డుల్లో ఏమని రాసి ఉన్నా, భూమి ఎవరి పేరున ఉన్నా, నిఘంటువు అర్థంలో అడవి అయినదంతా చట్టం కిందికి వస్తుందని దాని సారాంశం. ఆ ఉత్తర్వుతో కేసు ముగిసిపోలేదు. కోర్టు దాన్ని దశాబ్దాల పాటు తెరిచే ఉంచి, దేశంలోని అటవీ పాలనను ఒక్కొక్క ఉత్తర్వుతో మలుస్తూ వచ్చింది. 2002 అక్టోబరు ఉత్తర్వు వాటిలో ఒకటి. నాటిన మొక్క అడవి కావడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది, ఆ లోపల పోయే నీరు, మేత, నేలసారం సంగతి ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబుగానే మొక్కల ఖర్చుకు తోడు నికర ప్రస్తుత విలువ కూడా వసూలు చేయమని కోర్టు ఆదేశించింది. అప్పటి రేటు హెక్టారుకు 5.80 లక్షల నుంచి 9.20 లక్షలు.

ఇది పన్నే, పన్ను వేయడం చట్టసభల పని అంటూ అభ్యంతరాలు వచ్చాయి. 2005 సెప్టెంబరు 26న కోర్టు వాటిని తోసిపుచ్చింది. సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదనీ, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేననీ, ఈ వసూలు పన్ను కిందికి రాదు, రుసుము అనీ తేల్చింది. లెక్క ఎలా కట్టాలో చెప్పడానికి ఆర్థికవేత్త కంచన్ చోప్రా నాయకత్వంలో నిపుణుల కమిటీ వేసింది. ఆ కమిటీ నివేదిక, దానిమీద కోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ చేసిన సిఫారసులు కలిసి 2008 మార్చి 28 నాటి పట్టికగా తేలాయి.

ఆ పట్టిక చదవదగినది. దేశంలోని అడవులను ఆరు తరగతులు చేసి, ఒక్కొక్క తరగతిని సాంద్రతను బట్టి మళ్లీ మూడుగా విడదీశారు. సతత హరితారణ్యాలు, తేమ ఆకురాల్చు అడవులు, మడ అడవులు పై మెట్టున ఉంటాయి. అవి బాగా దట్టంగా ఉంటే హెక్టారుకు 10.43 లక్షలు. తెలంగాణలోనూ నల్లమలలోనూ విస్తారంగా కనిపించే పొడి ఆకురాల్చు అడవి 8.87 లక్షల దగ్గర మొదలై, పలచబడితే 6.26 లక్షలకు దిగుతుంది. రాయలసీమలో మేకలకూ గొర్రెలకూ ఆధారమైన ముళ్లకంప అడవి అట్టడుగున, పలచగా ఉన్నచోట 4.38 లక్షలకు చేరుతుంది. అభయారణ్యమైతే అయిదు రెట్లు, జాతీయ పార్కు అయితే పది రెట్లు కట్టాలి. పల్లెల్లో బడి, ఆసుపత్రి వంటి వాటికి హెక్టారు లోపు భూమికి మినహాయింపు ఉంది. పట్టిక చెప్పకనే చెప్పే విషయం ఒకటుంది. వాన ఎక్కువ పడేచోట అడవికి వెల ఎక్కువ, కరువు నేల మీద అడవికి వెల తక్కువ. మరో ఆధారం లేని పశువుల కాపరికి ఆ ముళ్లకంప ఎంత విలువైనదో తూచే గడి ఈ పట్టికలో లేదు.

లెక్కలోకి తీసుకున్న అంశాలు ఇవి: కలప, వంటచెరకు, కలపేతర అటవీ ఉత్పత్తులు, పశుగ్రాసం, పర్యాటకం, ఔషధాలుగా పనికొచ్చే జీవజాతుల అన్వేషణ, నీటినీ నేలనూ కాపాడే సేవలు, పులి వంటి ముఖ్య జంతువులు, కర్బన నిల్వ. మొదటి నాలుగూ ఏదో ఒక అంగడిలో ధర పలుకుతాయి కనుక కొలవడం తేలికనిపిస్తుంది. నిజానికి అక్కడ కూడా లెక్క సగం దగ్గరే ఆగిపోతుంది. పాడేరు, చింతపల్లి వైపు వారపు సంతకు గిరిజన మహిళ తట్టలో తెచ్చిన చింతపండు, అడ్డాకు, కొండచీపుర్లు, శీకాయ, నల్లజీడి పిక్కలు కాటా మీదికి ఎక్కుతాయి. గిరిజన సహకార సంస్థ ఇచ్చే ధరో, షావుకారు ఇచ్చే ధరో వాటికి ఉంటుంది, ఆ ధరే అడవి విలువ లెక్కలోకి వస్తుంది. అదే చింతచెట్టు చిగురు ఇంట్లో పులుసై తినేస్తే దానికి రశీదు లేదు. ఇంట్లో గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని వానాకాలపు నెలల్లో తవ్వుకునే దుంపలకు, కోసుకునే ఆకుకూరలకు, ఏరుకునే పుట్టగొడుగులకు రశీదు లేదు. అమ్ముడుపోయిన అడవి లెక్కకు వస్తుంది, తిన్న అడవి రాదు. ఎంత ఎక్కువగా అడవి మీదే బతికే కుటుంబమైతే దాని నష్టం కాగితం మీద అంత తక్కువగా కనబడుతుంది. పద్ధతిలోనే ఉన్న ఈ లోపాన్ని రేట్లు పెంచి సరిదిద్దడం సాధ్యం కాదు.

రెండో చిక్కు కాలానిది. ముందు ముందు రాబోయే ప్రయోజనాన్ని ఈరోజు రూపాయల్లోకి మార్చాలంటే వడ్డీ లెక్కను వెనక్కి తిప్పాలి. ఏటా 5 శాతం చొప్పున తగ్గిస్తూ వస్తే 20 ఏళ్ల తర్వాత అందే 100 రూపాయలు ఈరోజు సుమారు 38 రూపాయలు. 10 శాతం చొప్పున అయితే 15. వందేళ్ల తర్వాత అందే 100 రూపాయలు, 5 శాతం లెక్కన చూసినా, దాదాపు ముప్పావలాయే. గనికి ఈ గణితం నప్పుతుంది, ఎందుకంటే దాని ఆదాయమంతా మొదటి పాతిక ముప్ఫై ఏళ్లలోనే వస్తుంది. ఊట నీరు వందేళ్లకూ అంతే వస్తుంది, అయితే లెక్కలో రాబోయే తరాల నీరు దాదాపు సున్నా అవుతుంది. తగ్గింపు రేటు ఎంత పెట్టాలన్నది లెక్కల నిపుణుడి సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది. నిజానికి అది మనవల బాగోగుల్ని మనం ఎంతగా పట్టించుకుంటామన్న నైతిక నిర్ణయం.

ఈ పద్ధతులేవీ భారతదేశంలో పుట్టలేదు. జాతీయ పార్కు విలువ ఎంత అని అమెరికా పార్కుల శాఖ అడిగినప్పుడు, సందర్శకులు అక్కడికి రావడానికి పెట్టే ప్రయాణ ఖర్చును బట్టి తేల్చవచ్చని ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ 1947లో సూచించారు. 1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి ముడిచమురు సముద్రం పాలైనప్పుడు ఇంకో ప్రశ్న ఎదురైంది. ఆ తీరాన్ని ఎన్నడూ చూడని, చూడబోని పౌరుడికి కలిగిన నష్టం ఎంత? అలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా ఎంత ఇస్తారని కుటుంబాలను అడిగి, ఆ నష్టాన్ని 280 కోట్ల డాలర్లుగా అలాస్కా రాష్ట్రం తరఫున అంచనా వేశారు. ఇలా అడిగి తేల్చే పద్ధతి నమ్మదగినదేనా అని పరిశీలించిన సంఘానికి నోబెల్ గ్రహీతలు కెనెత్ ఆరో, రాబర్ట్ సోలో అధ్యక్షత వహించారు. కఠినమైన షరతులు పాటిస్తే నష్టపరిహార విచారణకు అది పనికొస్తుందని 1993లో వారు తేల్చారు. 1997లో రాబర్ట్ కోస్టాంజా బృందం భూగోళమంతటి ప్రకృతి సేవల విలువను ఏడాదికి 33 లక్షల కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. అప్పటి ప్రపంచ ఉత్పత్తి మొత్తం 18 లక్షల కోట్లే. ఆ సంఖ్య పత్రికలకు ఎక్కినంతగా పాలనకు పనికిరాలేదు. భూగోళాన్ని మొత్తంగా ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. విధాన నిర్ణయాలు ఒక కొండ, ఒక చెరువు, ఒక తీరం మీదే జరుగుతాయి.

అలాంటి నిర్ణయాల్లో ధర అసలే లేకపోతే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపించింది. అక్కడ సముద్రానికి దగ్గరగా విస్తరించిన చిత్తడి నేలను స్థానికులు బీల అంటారు. బీల నీటితో చుట్టుపక్కల పొలాలు పండుతాయి, మత్స్యకారులకు చేపలు దొరుకుతాయి, పశువులకు గడ్డి దొరుకుతుంది. ఊరికి ఇన్ని విధాల ఆదరువైన ఆ నేల ప్రభుత్వ కాగితాల్లో పనికిరాని భూమి. బీల అడవి కాదు కనుక నికర ప్రస్తుత విలువా వర్తించదు. దాని ఖరీదు సున్నా. ఆ సున్నా మీదనే 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయింపు జరిగింది, పర్యావరణ అనుమతీ వచ్చింది. ఊళ్లు ఎదురుతిరిగాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. బీల నుంచి ఎన్ని ఎకరాలు సాగవుతున్నాయి, ఎంత చేప పడుతోంది అన్న మామూలు లెక్క ముందే ఫైలులో ఉండి ఉంటే, ఆ నేలను ఖాళీ స్థలమని రాయడం ఏ అధికారికైనా కష్టమయ్యేది. ప్రకృతికి ధర కట్టడాన్ని సమర్థించేవారి వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు. ప్రభుత్వ ఖాతా పుస్తకంలో ఖాళీగా వదిలిన గడిని ఎవరూ 'అమూల్యం' అని చదవరు, సున్నా అనే చదువుతారు.

ధర ఉంటే సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు సోంపేటకు ఎంతో దూరం లేని నియంగిరిలో దొరుకుతుంది. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దు మీద ఉన్న ఆ కొండల్లో డోంగ్రియా కోంధులు నివసిస్తారు. కొండ నెత్తిన బాక్సైటు పొర ఉంది. ఆ పొర స్పాంజిలా వాన నీటిని పీల్చి పట్టి ఉంచి, ఎండాకాలంలోనూ ఊటలుగా వదులుతుంది. వాలుల మీద పనస, పసుపు, అల్లం, అనాస పండుతాయి. ఊటలు వాగులై వంశధారకు చేరతాయి. వంశధార శ్రీకాకుళం జిల్లా పొలాలను తడిపి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండను డోంగ్రియాలు నియమరాజుగా కొలుస్తారు, శిఖరం మీద గొడ్డలి వేయరు.

ఆ శిఖరం మీద గని కోసం 660 హెక్టార్ల పైచిలుకు అటవీ భూమి అడిగారు. 2007 నవంబరులో సుప్రీంకోర్టు పెట్టిన షరతుల్లో ధరలన్నీ ఉన్నాయి. నికర ప్రస్తుత విలువ కింద 55 కోట్ల రూపాయలు, వన్యప్రాణి ప్రణాళికకు 50.53 కోట్లు, స్థానిక గిరిజనాభివృద్ధికి ఏటా లాభంలో 5 శాతం లేదా 10 కోట్లు, ఏది ఎక్కువైతే అది. హెక్టారుకు చూస్తే నికర ప్రస్తుత విలువ సుమారు 8.3 లక్షలు పడుతుంది. అప్పటి రేట్ల ప్రకారం అది తక్కువేమీ కాదు. షరతులు ఒప్పుకున్నాక 2008 ఆగస్టులో కోర్టు పచ్చజెండా ఊపింది. ఆ మొత్తంలో వంశధార ఆయకట్టు రైతు లేడు, ఎందుకంటే లెక్క హెక్టారు హద్దు దగ్గర ఆగిపోతుంది, నీరు రాష్ట్రం సరిహద్దు దగ్గర కూడా ఆగదు. నియమరాజు కూడా లేడు. దేవుడు కొలువున్న కొండను అలాగే ఉంచడానికి ఎంత ఇస్తారని డోంగ్రియాలను అడిగితే, చేతిలో డబ్బు ఆడని మనుషుల నుంచి వచ్చే జవాబు అతి చిన్న సంఖ్య అవుతుంది. దాన్ని వదులుకోవడానికి ఎంత తీసుకుంటారని అడిగితే ఏ సంఖ్యా రాదు. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు రావాలన్నది సిద్ధాంతం. నియంగిరిలో అవి ఎన్నటికీ కలవవు.

2010 ఆగస్టులో, గని ప్రతిపాదనను పరిశీలించిన సక్సేనా కమిటీ నివేదిక తర్వాత పర్యావరణ మంత్రిత్వ శాఖ తుది అనుమతి నిరాకరించింది. వివాదం మళ్లీ సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఈసారి ధర గురించి మాట్లాడలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత, సామూహిక, మతపరమైన హక్కులు ఏమున్నాయో, గని వాటిని భంగపరుస్తుందో లేదో గ్రామసభలే తేల్చాలంది, జిల్లా జడ్జి పరిశీలకుడిగా ఉండాలంది. జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన 12 సభలు, రాయగడలో 7, కలహండిలో 5, ఒక్కొక్కటిగా గనిని తిరస్కరించాయి. 2008లో 55 కోట్లతో తేలిందనుకున్న విషయం అడగవలసిన వారిని అడిగాక తారుమారైంది. ధర కట్టడం ఒక పని, ఇచ్చే అధికారం ఎవరిదో తేల్చడం ఇంకో పని. మొదటిది ఎంత బాగా చేసినా రెండోదానికి బదులు కాదు. ఆంధ్ర ప్రాంతానికి ఇది కొత్త విషయమూ కాదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గని లీజులు చెల్లవని 1997 జూలైలో సుప్రీంకోర్టు 'సమత' తీర్పు తేల్చిచెప్పింది.

వసూలైన సొమ్ము కథ వేరే. అది జిల్లాలకు వెళ్లలేదు, ఏళ్ల తరబడి కాంపా అనే తాత్కాలిక పరిహార వనీకరణ నిధి సంస్థ ఖాతాల్లో పేరుకుంది. 2006 నుంచి 2012 దాకా నడిచిన కాలానికి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ చేసిన తనిఖీలో, అడవికి బదులుగా రావలసిన 1,03,382 హెక్టార్ల అటవీయేతర భూమిలో 28,086 హెక్టార్లే వచ్చిందనీ, వనీకరణ 7,281 హెక్టార్లలోనే జరిగిందనీ తేలింది. రావలసిన భూమిలో అది 7 శాతం. 2016లో పరిహార వనీకరణ నిధి చట్టం వచ్చింది. నిధిలో 90 శాతం రాష్ట్రాలది, 10 శాతం కేంద్రానిది. 2019 ఆగస్టులో 27 రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు పంచారు. ఆ డబ్బు అటవీ శాఖ చేతికి వెళ్లింది, అడవి పోగొట్టుకున్న ఊరికి వెళ్లలేదు. పనులకు గ్రామసభనో, గ్రామ అటవీ కమిటీనో సంప్రదిస్తే చాలని 2018 నియమాలు అన్నాయి. ఆ 'నో' అన్న వెసులుబాటులో గ్రామసభ పక్కకు జరిగిపోయింది. మొక్కలు నాటే నేల ఎక్కడిదన్న తగాదా మరొకటి. ఖాళీ నేల దొరకనిచోట పోడు సాగు మీదికి గుంతలు తవ్వే యంత్రాలు వెళ్తాయి. 2019 జూన్ 30న కుమ్రం భీం జిల్లా సార్సాలలో మొక్కలు నాటే పనికి వెళ్లిన అటవీ అధికారిణి మీద దాడి జరిగినప్పుడు ఆ తగాదా దేశమంతా చూసింది. ఉద్యోగ ధర్మంగా వెళ్లిన ఆమె దెబ్బలు తినడం ఎంత అన్యాయమో, హక్కులు తేలని భూమిలో నాట్లు పెట్టమనే విధానమూ అంత అన్యాయం.

ఈ ఏర్పాటులో ఇంకా లోతైన వైపరీత్యం ఉంది. అడవి పోయినప్పుడే నిధి నిండుతుంది. బాగా కాపాడిన డివిజనుకు ఈ పద్దు కింద రూపాయి రాదు. దీనికి భిన్నమైన దారిని వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన 14వ ఆర్థిక సంఘం చూపింది. కేంద్ర పన్నుల వాటాను రాష్ట్రాల మధ్య పంచే సూత్రంలో అటవీ విస్తీర్ణానికి 7.5 శాతం తూకం ఇచ్చింది. 15వ ఆర్థిక సంఘం దాన్ని 10 శాతానికి పెంచింది. ఇక్కడ హెక్టారుకు ధర కట్టలేదు, చింతపండునూ పులినీ కలిపి కూడలేదు. అడవిని ఉంచుకోవడం వల్ల రాష్ట్రం వదులుకున్న ఆదాయాన్ని గుర్తించి, నిలిచి ఉన్న అడవికే డబ్బు ముట్టజెప్పారు. లోపం లేకపోలేదు. వాటా రాష్ట్ర ఖజానాలో కలిసిపోతుంది, అడవి అంచు పంచాయతీకి చేరే దారి లేదు. అయినా ప్రోత్సాహకం సరైన దిక్కుకు తిరిగింది. ఈ సూత్రాన్ని రాష్ట్రాలు తమ పంచాయతీల దాకా దింపుకోవడానికి రాజ్యాంగపరంగా అడ్డేమీ లేదు.

ఒక్కొక్క చెట్టుకు ధర కట్టే ప్రయత్నం కూడా జరిగింది. పశ్చిమ బెంగాల్లో రైల్వే పైవంతెనల కోసం 356 చెట్లు కొట్టే కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలంది. అందులో 45,000 ప్రాణవాయువుకే. గాలిలో ప్రాణవాయువుకు కొరత లేదు, ఒక చెట్టు పోతే ఎవరూ దాన్ని సిలిండరులో కొనరు. నీడ, వేడి తగ్గడం, వాననీరు ఇంకడం వంటి నిజమైన లాభాలను వదిలి పెద్ద సంఖ్య కోసం వెతికితే ఇలాంటి లెక్కే వస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఆ చెట్లు కొట్టడానికి కోర్టు అనుమతించింది. సంఖ్య పెద్దదైనంత మాత్రాన చెట్టు నిలబడలేదు.

కనుక ధరకు విధానంలో చోటు ఉంది, ఆ చోటు ఎక్కడన్నదే అసలు ప్రశ్న. 2009 ఆగస్టు 3న పర్యావరణ మంత్రిత్వ శాఖ జారీ చేసిన ఉత్తర్వు సరైన వరస పెట్టింది. అటవీ హక్కుల పరిష్కారం పూర్తయిందనీ, గ్రామసభ సమ్మతించిందనీ రుజువులు జతచేస్తేనే మళ్లింపు ప్రతిపాదన ముందుకు కదలాలి. ఇవ్వాలా వద్దా అన్నది ఊరు తేల్చాక, ఇచ్చేట్టయితే ఎంత అన్నది పట్టిక చెబుతుంది. 2022 నాటి అటవీ సంరక్షణ నియమాలు ఈ వరసను తిరగేశాయి. సూత్రప్రాయ అనుమతి రాగానే కంపెనీ నికర ప్రస్తుత విలువతో సహా రుసుములన్నీ కడుతుంది, కేంద్రం తుది అనుమతి ఇస్తుంది, హక్కుల సంగతి ఆ తర్వాత భూమి అప్పగించే ముందు రాష్ట్రం చూసుకుంటుంది. డబ్బు ముందే జమై, ఢిల్లీ సంతకం పడ్డాక పెట్టే గ్రామసభలో కాదనే స్వేచ్ఛ ఎంత మిగులుతుంది? జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్ 2022లో ఇదే అభ్యంతరం తెలిపి నియమాలను నిలిపివేయమని కోరింది. అటవీ హక్కుల చట్టం అమలు వేరే ప్రక్రియ అనీ, దాన్ని ఈ నియమాలు అడ్డుకోవనీ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. నియమాలు ఆగలేదు.